ప్యాక్‌మ్యాన్ దెయ్యాలు మిణుకుమంటున్నాయి, తప్పు ల్యాప్‌టాప్‌దేనా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో స్టెల్లా ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుని అటారీ 2600 గేమ్ కన్సోల్ నాటి ప్యాక్‌మ్యాన్ ఆడుతున్నాను. దెయ్యాలు నాలుగూ ఒకటే మిణుకుమిణుకు. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చినా అంతే. ఆర్కేడ్ వెర్షన్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఏం చేయాలి?

జవాబు: డ్రైవర్ జోలికి ఇక వెళ్లకండి. 1982లో ఆ క్యాట్రిడ్జ్ (కన్సోల్‌లో దోపే ఆట డబ్బా) కొన్నవాళ్ల టీవీల్లోనూ దెయ్యాలు ఇలాగే వెలిగి ఆరేవి.

1980 నాటి నామ్‌కో ఆర్కేడ్ బోర్డు ప్యాక్‌మ్యాన్‌నూ నాలుగు దెయ్యాలనూ ఒకేసారి తెర మీద చూపగలదు. అటారీ 2600 అంతకంటే పాతది, 1977లో వచ్చింది. ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లని పొరపడేరు, బైట్లే! తెర బొమ్మ మొత్తాన్ని దాచుకునే చోటే లేదు. టీవీ ఒక్కో గీత గీస్తుంటే, అందులో ఏం కనిపించాలో ప్రాసెసర్ అప్పటికప్పుడు అందించాలి. ఒక్కో గీతకు దొరికేది 76 సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కులు. పైగా పాంగ్ లాంటి ఇద్దరు ఆడే ఆటల కోసం చేసిన యంత్రం కాబట్టి, ఆటగాళ్ల కోసం అందులో ఉన్న స్ప్రైట్లు (తెర మీద కదిలే చిన్న బొమ్మలు) రెండే.

ప్రోగ్రామర్ టాడ్ ఫ్రై ఒక స్ప్రైట్‌ను ప్యాక్‌మ్యాన్‌కు ఇచ్చి, రెండోదాన్ని నాలుగు దెయ్యాలకూ వంతులవారీగా పంచాడు. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో దెయ్యం కనిపించేది పదిహేనింటిలోనే. మీరు చూస్తున్న మిణుకు అదే. చుక్కలు గుండ్రంగా కాకుండా అడ్డగీతల్లా ఉండటానికీ కారణం ఉంది: వాటిని గోడలు గీసే ముతక బ్లాకులతోనే గీశారు, అడ్డంగా తెర మొత్తానికి అవి 40 మాత్రమే.

అలాగని నేరమంతా హార్డ్‌వేర్ మీదికే నెట్టలేం. తర్వాత ఇదే కన్సోల్‌కు వచ్చిన మిస్ ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే ఒకే స్ప్రైట్‌ను అదే ఫ్రేములో కింద మళ్లీ వాడుకున్నారు. దాంతో ఒకే వరుసలోకి వచ్చినప్పుడే మిణుకు కనిపిస్తుంది. కాకపోతే దాని క్యాట్రిడ్జ్ 8 కిలోబైట్లు, ఫ్రైకి దొరికింది 4.

ఇక మీ స్క్రీన్ సంగతి. పాత పిక్చర్ ట్యూబ్‌లో వెలుగు కాస్త నెమ్మదిగా ఆరేది కాబట్టి మిణుకు కొంత కప్పబడిపోయేది. ఎల్‌సీడీలో ఆ సదుపాయం లేదు. స్టెల్లా సెట్టింగ్స్‌లో ఆ నెమ్మదిగా ఆరే వెలుగును అనుకరించే ఫాస్ఫర్ ఆప్షన్ ఆన్ చేయండి, చాలావరకు తగ్గుతుంది. మరీ పెంచితే మాత్రం కదిలే ప్రతిదాని వెనకా మసక తోక కనిపిస్తుంది.