టెక్ సందేహాలు: బావమరిది పంపిన పార్టులతో హాల్లో పీసీ బాగుపడుతుందా?

ప్రశ్న: 2018లో పెద్దోడి కోసం అసెంబుల్ చేయించిన పీసీ హాల్లో టీవీ కింద ఉంది. రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). బెంగళూరులో మా బావమరిది కొత్తది కట్టుకుని, పాతది విప్పి రైజెన్ 5 3600, జీటీఎక్స్ 1660 సూపర్, 3200 స్పీడు 8 జీబీ ర్యాములు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక సంచిలో వేసి పంపాడు. ల్యాప్‌టాప్ నుంచి తీసిన 8 జీబీ ర్యామ్ కూడా నా దగ్గర ఒకటుంది. షాపులో చూపిస్తే "ఇవన్నీ ఓల్డ్ సార్, కొత్త సెట్ తీసేసుకోండి" అన్నారు. పెద్దోడు ఫుట్‌బాల్, కార్ల గేములు ఆడతాడు, చిన్నదానికి మైన్‌క్రాఫ్ట్ చాలు. నేనే మార్చుకోవచ్చా? – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చుకోవచ్చండీ, కొత్త సెట్ అక్కర్లేదు. మీ అదృష్టం ఏంటంటే మీ బోర్డులో చిప్ (ప్రాసెసర్) కూర్చునే సాకెట్ ఏఎం4 రకం. 2017లో వచ్చిన 1600, 2019లో వచ్చిన 3600 రెండూ అందులోనే కూర్చుంటాయి. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూస్తున్నారుగా. తయారీ చాలావరకు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లింది, ర్యాములు తయారు చేసే మైక్రాన్ కంపెనీ అయితే ఆ డిసెంబర్‌లో మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి టైమ్‌లో ర్యాములు రెండు ఊరికే ఇచ్చాడంటే మీ బావమరిదికి ఈసారి పండక్కి బట్టలు పెట్టాల్సిందే.

కానీ ఆ సంచిలో లేనిది ఒకటుంది, మీరు డబ్బు పెట్టాల్సింది దానికే: ఎస్‌ఎంపీఎస్. మిగతావన్నీ పాతవైనా ఫర్వాలేదు గానీ ఇది మాత్రం కొత్తది కావాలి. క్యాబినెట్ పక్క డోరు తీసి దాని స్టిక్కర్ చూడండి. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉన్నా, కింద గళ్లలో ‘+12V’ అన్న చోట ఎన్ని ఆంపియర్లు రాశాడో అదీ అసలు లెక్క. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే వాటిలో చాలాసార్లు 16 ఆంపియర్ల లాంటి అంకె కనిపిస్తుంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. 3600 చిప్ గట్టిగా పనిచేసేటప్పుడు 88 వాట్ల దాకా లాగుతుంది, 1660 సూపర్ 125 వాట్ల కార్డు. ఈ రెండిటికే 213 అయిపోయింది, ఇంకా ఫ్యాన్లు, డిస్కులు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎలా నడిచిందంటే 1050 టీఐ 75 వాట్లదే, బోర్డు స్లాట్ ఇచ్చే కరెంటుతోనే బతికేస్తుంది. 1660 సూపర్‌కి విడిగా 8 పిన్నుల కేబుల్ కావాలి, మీ పాతదాంట్లో అది ఉండకపోవచ్చు. "కన్వర్టర్ పిన్ను ఉంది సార్, దాంతో కలిపేద్దాం" అని షాపువాడు అన్నా ఒప్పుకోకండి. నేను ఒకప్పుడు అలాగే కలిపి, ఆదివారం మధ్యాహ్నం పిల్లలు ఆడుతుండగా టప్‌మని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, తర్వాత బోర్డు కూడా పోయిందని తేలడం, ఇవన్నీ చూశాను. ఏదో ఒక పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది, 550 వాట్లది తీసుకోండి, చాలు.

ఇప్పుడు పని వరుస. అందరూ తప్పు చేసేది ఇక్కడే, ఆత్రంగా ముందు చిప్ మార్చేస్తారు, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, పార్టు పాడైందనుకుంటారు. 2018 నాటి బయాస్‌కి (పీసీ ఆన్ కాగానే బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రామ్) 3600 అంటే ఏంటో తెలియదు. పాత చిప్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి. మీ బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్తే సపోర్ట్ చేసే సీపీయూల లిస్టు ఉంటుంది, 3600 ఎదురుగా ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. కొన్ని బోర్డులకి మధ్యలో ఇంకో వెర్షన్ వేసి ఆ తర్వాతే కొత్తది వేయాలి, ఆ నోట్ కూడా అక్కడే ఉంటుంది, చదవకుండా దూకొద్దు. ఇన్వర్టర్‌కో యూపీఎస్‌కో తగిలించి చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు అక్కడే చచ్చిపోతుంది, ఎండాకాలం మధ్యాహ్నం అసలే వద్దు.

అది అయ్యాక చిప్. ఏఎం4 చిప్‌కి పిన్నులు చిప్ కిందే ఉంటాయి, ఎనిమిదేళ్లకి మధ్యలో పూసిన థర్మల్ పేస్ట్ ఎండి, మీద ఉన్న కూలర్‌కి (చిప్‌ని చల్లబరిచే ఫ్యాన్) చిప్ బంకలా అతుక్కుపోతుంది. స్క్రూలు విప్పి కూలర్‌ని నిలువుగా లాగారంటే, సాకెట్ లివర్ మూసి ఉన్నా సరే చిప్ దాంతో పాటే ఊడొచ్చేస్తుంది. నాకు వచ్చింది. వంగిన పిన్నులు మూడింటిని ఖాళీ మైక్రోటిప్ పెన్సిల్ మొనతో ఒక్కొక్కటే నిలబెట్టేసరికి చెమటలు పట్టాయి. అందుకే పదిహేను నిమిషాలు ఏదైనా గేమ్ ఆడించి పీసీ వేడెక్కాక ఆపండి, ప్లగ్ పీకండి, స్క్రూలు విప్పి కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి, సీసా మూత తిప్పినట్టు. వదులైందని చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తండి.

కూలర్ మాత్రం మీ పాతదే ఉంచుకోండి. కొత్త చిప్‌తో ఇంకోటి పంపి ఉంటాడు గానీ, 1600తో వచ్చిన రైత్ స్పైర్, 3600తో వచ్చే రైత్ స్టెల్త్ కంటే పెద్దది, చల్లగానూ ఉంచుతుంది. పాత పేస్ట్ గుడ్డతో తుడిచేసి కొత్తది శనగగింజంత పెట్టండి.

ర్యాములు బావమరిది ఇచ్చిన రెండే వేయండి. పాత 8 జీబీ కూడా కలిపితే 24 అవుతుంది కదా అని ఆశ పుడుతుంది, కానీ అన్నీ కలిసి నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకే దిగిపోతాయి. నాలుగు స్లాట్లుంటే చిప్ దగ్గర్నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. ల్యాప్‌టాప్ ర్యామ్ సగం పొడుగే ఉంటుంది, అది దీంట్లో పట్టదు. పీసీ ఆన్ అయ్యాక బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయడం మర్చిపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియదు కూడా. పాత బీ350 మీద 3200 దగ్గర హ్యాంగ్ అవుతుంటే 2933కి తగ్గించండి.

ఎస్‌ఎస్‌డీలో విండోస్ 11 కొత్తగా వేయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. మీ పాత 1600 విండోస్ 11 లిస్టులో లేదు, 3600 ఉంది, అంటే చిప్ మార్పుతో ఆ సమస్య కూడా తీరింది. చిప్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (భద్రతా తాళాలు దాచే భాగం) రీసెట్ చేయాలా అని అడగొచ్చు. టెన్షన్ పడకుండా వై నొక్కండి, ఎలాగూ కొత్తగా విండోస్ వేస్తున్నారు కాబట్టి పోయేదేం లేదు. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పెట్టుకున్నవాళ్లు మాత్రం ముందే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. విండోస్ ఎక్కిస్తున్నంతసేపు హార్డ్ డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టండి, పెళ్లి ఫొటోలు ఉన్న డ్రైవ్‌ని పొరపాటున ఫార్మాట్ కొట్టిన ఇళ్లు నాకు రెండు తెలుసు.

చివర్లో హెచ్‌డీఎంఐ కేబుల్ కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టుకి పెట్టండి. పైన బోర్డుకి పెడితే బొమ్మే రాదు, 3600లో గ్రాఫిక్స్ లేవు. ఇక టీవీ యూనిట్ అరకి గాజు తలుపు ఉంటే ఆడేటప్పుడు తెరిచి పెట్టమనండి. దేవుడి గది పక్కనే ఉంటే అగరొత్తుల పొగ, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద జిడ్డులా అట్టకడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు.

ప్రశ్న: పీసీని టీవీకి పెడితే కింద టాస్క్‌బార్ సగం కోసేసినట్టు కనిపిస్తోంది. కంట్రోలర్ నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతోంది. కార్డు మార్చాలా? – ఖమ్మం

జవాబు: రూపాయి ఖర్చు లేదు. టీవీ రిమోట్ తీసుకుని పిక్చర్ సైజుని ‘స్క్రీన్ ఫిట్’ అనో ‘జస్ట్ స్కాన్’ అనో మార్చండి, పేరు ఒక్కో టీవీలో ఒక్కోలా ఉంటుంది. తర్వాత గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే ఆ కాస్త టైమే మీకు ఆలస్యంలా కనిపిస్తోంది. ఇంకా ఉంటే కంట్రోలర్ బ్లూటూత్‌ని అనుమానించండి, ఒకసారి వైరు పెట్టి ఆడి చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: ఆఫీసులో తీసేసిన సన్న డెస్క్‌టాప్ ఒకటి తక్కువకి ఇస్తున్నారు. నాలుగో జనరేషన్ ఇంటెల్ ఐ5 చిప్. ఇంట్లో ఉన్న జీటీఎక్స్ 1660 పెడితే గేమింగ్ పీసీ అవుతుందా? – సికింద్రాబాద్

జవాబు: ఆ డబ్బాలో ఆ కార్డు పట్టదు, ఎత్తు సరిపోదు. పట్టినా కరెంటు సరిపోదు, వాటి ఎస్‌ఎంపీఎస్‌లు చిన్నవి, చాలా వాటిలో పిన్నులు కూడా సొంత ఆకారంలో ఉంటాయి కాబట్టి బయటిది కొని పెట్టలేరు. పొట్టి బ్రాకెట్ ఉన్న జీటీఎక్స్ 1650 అయితే, అదీ విడిగా పవర్ అడగని మోడల్, అందులో నడుస్తుంది. దాని కోసం కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరగాలి, దొరికితే పాతదే దొరుకుతుంది, షాపులోనే పెట్టించి పది నిమిషాలు గేమ్ ఆడించి చూశాకే డబ్బివ్వండి. విండోస్ 11 కూడా ఆ చిప్‌కి అధికారికంగా రాదు. మీ చేతిలో 1660 ఉంది కాబట్టి, దానికి తగ్గ సెకండ్‌హ్యాండ్ బీ450 బోర్డు ఏఎండీ చిప్‌తో సహా, పెద్ద క్యాబినెట్ వెతుక్కోండి, ఆ సన్న డబ్బా పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి తీసుకుంటే తీసుకోండి.