ఒక్కళ్లు పోతే మళ్లీ రారు

ప్రశ్న: అన్నా, నాకు రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ వీడియో గేమ్ అంటే ప్రాణం. మా రూమ్మేట్ ఏమో దానికి మూలం ‘స్వీట్ హోమ్’ అనే పాత జపాన్ గేమ్ అంటున్నాడు, నిజమేనా? వీడియోలో చూశా, అన్నీ గళ్లగళ్ల బొమ్మలే, వాటికి ఎవరైనా భయపడతారా?
- ఇంజినీరింగ్ స్టూడెంట్, వరంగల్

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది నిజమే తమ్ముడూ. స్వీట్ హోమ్‌ని క్యాప్‌కామ్ అనే జపాన్ గేమ్ కంపెనీ వాళ్లు 1989 డిసెంబర్లో ఫ్యామికామ్ (నింటెండో వాళ్ల పాత గేమ్ మెషిన్) మీద రిలీజ్ చేశారు, అదే ఏడాది అదే పేరుతో వచ్చిన కియోషి కురోసావా సినిమా దీనికి ఆధారం. దీన్ని డైరెక్ట్ చేసిన తోకురో ఫుజివారానే తర్వాత క్యాప్‌కామ్‌లోనే పనిచేసే షింజి మికామికి ఇదే గేమ్ కొత్తగా చేయమని అప్పజెప్పాడు, అది మారి మారి 1996లో నీ రెసిడెంట్ ఈవిల్ అయింది. ఆ తలుపు మెల్లగా తెరుచుకోవడం, ముందొచ్చి చచ్చిపోయినవాళ్లు రాసిపెట్టిన చీటీలు, చేతిలో ఏది ఉంచుకోవాలి ఏది వదిలేయాలి అనే తంటా, అన్నీ ఇందులోంచి వెళ్లినవే.

ఇక భయం అంటావా, చూస్తే వేయదు, ఆడితే వేస్తుంది. మామియా ఇచిరో అనే పెయింటర్ గోడల మీద వేసిన బొమ్మలు షూట్ చేద్దామని ఐదుగురు టీవీ వాళ్లు పాడుబడ్డ బంగళాలోకి వెళ్తారు, ఆ పెయింటర్ భార్య లేడీ మామియా దెయ్యమై వాళ్లని లోపలే బంధించేస్తుంది. ముప్పై ఏళ్ల కింద ఆవిడ పసివాడు కొలిమిలో పడి కాలిపోయాడు, వాడికి ఆడుకోడానికి తోడు కావాలని వేరే పిల్లల్ని చంపిందట, అక్కడ నాకు కడుపులో తిప్పేసింది. ఆటలో కిటుకేంటంటే ముగ్గురికి మించి కలిసి నడవకూడదు, అంటే ఎప్పుడూ ఎవరో ఇద్దరు వేరే గదిలో ఉంటారు, ఇక్కడ ఫైట్ మొదలైతే వాళ్లని పిలవచ్చు కానీ ఆ దారంతా నడిపించుకుంటూ తెచ్చేది మనమే, ఈలోపు ఒకళ్లు పోతే పోయినట్టే, ఏ మందుకీ లేవరు. నేను మొదటిసారి ఆ ఐదుగురిలో అకికో అనే అమ్మాయిని పోగొట్టుకున్నా, మందుల పెట్టె ఆమె దగ్గరే ఉంటుంది కదా, ఆ తర్వాత ఎవరికి విషమెక్కినా చేతులు వణికేవి. అంత భయం నాకు కొత్త గేముల్లో దొరకలేదు.

జపాన్ బయట అఫీషియల్‌గా రాలేదు, ఫ్యాన్సే ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నారు.

ప్రశ్న: నేను స్వీట్ హోమ్ ఆడుతున్నా అన్నా. ఆ ఐదుగురిలో తాగుచి చచ్చిపోయాడు, చూసుకోకుండా సేవ్ చేసేశా. కెమెరా అతనిదే, ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి ఆడాలా?
- గుంటూరు పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా, ఆపొద్దు. ఎవరు పోయినా వాళ్ల సామాను పని చేసిపెట్టే ఇంకో వస్తువు ఇంట్లో ఎక్కడో పెట్టే ఉంటుంది, ఓపిగ్గా గదులు వెతుకు. కాకపోతే ఒక్కొక్కరికి ఆయుధం, సొంత సామాను కాక రెండు వస్తువులే పడతాయి కాబట్టి దాన్ని మోసేవాళ్లకి చోటు తగ్గుతుంది. ఎండింగులు ఐదున్నాయి, ఎంతమంది మిగిలితే దాన్నిబట్టి వస్తుంది, నీకు ఐదుగురూ బయటపడేది మాత్రం ఈసారికి రాదు. ఇంకోటి, టానిక్ సీసాలు జాగ్రత్త, ఆ బంగళాలో కొనుక్కోడానికి షాపులుండవు.