నా చదువుకే లోన్ కావాలి, ఈ వయసులో ఇస్తారా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నాకు 37 ఏళ్లు. 2009లో బీఎస్సీ మ్యాథ్స్ పూర్తయింది, ఆ వెంటనే పెళ్లయింది. ఆరేళ్లుగా ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. జీతం 9,000. బీఈడీ లేదని పెంచరు. ఈసారి ఎడ్‌సెట్ రాశాను, సీటు వచ్చేలా ఉంది. దగ్గర్లోని కాలేజీలో రెండేళ్లకూ కలిపి ఫీజు 60,000 అన్నారు. నా వయసుకు రీయింబర్స్‌మెంట్ రాదట. మావారు ఎలక్ట్రీషియన్, నెలకు 15,000 దాకా తెస్తారు. పిల్లలు 9, 6 తరగతులు. నాలుగు తులాల బంగారం ఉంది, తాకట్టు పెట్టనా? సంఘంలో లోన్ తీసుకోనా? బ్యాంకుకు వెళ్తే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో కాలేజీ వాళ్లు రోజూ రానక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మా, నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఒకసారి 41 ఏళ్ల ఆవిడ నా టేబుల్ ముందు కూర్చుని ఎడ్యుకేషన్ లోన్ ఫారం అడిగింది. పెన్ను తీసి, "బాబా, పాపా? పేరు చెప్పండి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ప్లాస్టిక్ కవర్లోంచి తన డిగ్రీ మెమోలు తీసి నావైపు జరిపి, "నాకే మేడమ్, లా చదువుతా" అంది. ఆ కవరు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు అలా అడిగినందుకు ఇప్పటికీ బాధపడతాను. లోన్ మాత్రం ఇచ్చాం.

కాబట్టి వయసు సంగతి మనసులోంచి తీసేయండి. బ్యాంకులు పాటించే మోడల్ విద్యారుణ పథకంలో విద్యార్థికి గరిష్ఠ వయసంటూ లేదు. 4 లక్షల లోపు రుణానికి తాకట్టు అక్కర్లేదు, మీ వాటాగా ముందు కొంత కట్టమని కూడా అనరు. పెళ్లయినవాళ్లకు భర్త జతగా సంతకం పెడితే సరిపోతుంది.

మీరు రాసిన దారుల్లో అసలు తేడా కిస్తీ ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే ఉంది. సంఘం లోన్‌కు వచ్చే నెల నుంచే కట్టాలి. బంగారం మీద తీసుకుంటే మామూలుగా ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, లేదంటే వేలం నోటీసు వస్తుంది. విద్యారుణానికి కోర్సు నడిచే రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ ఉండదు. ఆ కాలానికి బారువడ్డీ పడుతుంది. వడ్డీ 10 శాతం అనుకుంటే, మొదటి ఏడాది 30,000 మీద నెలకు 250, రెండో ఏడాది 60,000 మీద నెలకు 500. చదువుతుండగానే ఇది కట్టేస్తే అసలులో కలవదు, వడ్డీలో 1 శాతం తగ్గించే బ్యాంకులు కూడా ఉన్నాయి. ఆ లా చదివినావిడ ప్రతి నెలా 10వ తేదీన వచ్చి కట్టేది. పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని, ఆ లైను మీద వేలు పెట్టి చదువుకున్నాకే వెళ్లేది.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపున్న వాళ్లకు, వృత్తి విద్యా కోర్సుల్లో చదువుకునే కాలానికి కేంద్రమే వడ్డీ భరించే పథకం ఒకటుంది. దానికి కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని చూస్తారు. మీ కాలేజీకి ఉందో లేదో చేరకముందే కనుక్కోండి.

నా భయమంతా వేరే. ఉత్తరమంతా ఫీజు గురించే అడిగారు, మీ జీతం ఆగిపోతుందన్న మాటే రాయలేదు. స్కూలు వాళ్లు ఏడాదికి పది నెలలే జీతమిస్తారనుకున్నా, రెండేళ్లలో ఇంటికి రాకుండా పోయేది 1,80,000. ఫీజుకు మూడింతలు! ఇంటి ఖర్చులకు విద్యారుణం ఇవ్వరు. ఫీజు, పుస్తకాలు, హాస్టల్ లాంటివే లెక్కలోకి వస్తాయి. చదువు మధ్యలో ఆపేసి నా దగ్గరకొచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది ఫీజు దగ్గర ఆగలేదు, ఇంట్లో నెల గడవక ఆగిపోయారు.

అందుకే బంగారం ఫీజుకు పెట్టకండి. చేతిలో పైసా లేని నెల వస్తే అదే మీకు దిక్కు. ట్యూషన్ ఇప్పుడే మొదలుపెట్టండి. పదో తరగతి లెక్కలకు పదిమంది దొరికి, తలా 500 ఇచ్చినా 5,000. ఇంకో 4,000 లోటు ఉంటుంది. అది ఎక్కడ తగ్గించుకోవాలో మీవారితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. బస్సు ఖర్చు మహాలక్ష్మి పథకం వల్ల ఎలాగూ లేదు.

రానక్కర్లేదు అంటున్న కాలేజీ జోలికి మాత్రం పోవద్దమ్మా. జీతం పోకుండా ఉంటుందని ఆశ పుడుతుంది, నాకు తెలుసు. కానీ బీఈడీకి తరగతుల్లో 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌లో 90 శాతం హాజరు ఉండాలని నిబంధన. రేపు తనిఖీలో తేలితే చిక్కు మీ సర్టిఫికెట్‌కే. డిస్టెన్స్‌లో చేద్దామన్నా, ముందే డీఈడీ లాంటి టీచర్ శిక్షణ పూర్తిచేసినవాళ్లకే అవకాశం.

తెలంగాణలో 2024 డీఎస్సీకి గరిష్ఠ వయసు 46. మీ బీఈడీ 39కల్లా అయిపోతుంది, టెట్ రాసుకోవడానికి టైముంది. అయినా డీఎస్సీ మీద ఆశతో కిస్తీ లెక్క వేసుకోకండి. 60,000 అప్పు అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1,300 పడుతుంది. ప్రైవేటు స్కూలు జీతంలోంచే అది కట్టగలరా అని చూసుకోండి. నా అంచనాలో కట్టగలరు.

మీవారి పేరున బండి లోన్ కిస్తీలు ఏవైనా తప్పి ఉంటే, అవి ముందు కట్టేయండి, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు) చూస్తారు. సీటు అలాట్‌మెంట్ కాగితం, కాలేజీ ఇచ్చిన ఫీజు వివరం, మెమోలు, ఇద్దరి ఆధార్, పాన్ తీసుకెళ్లండి. ముందే విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టి, ఆ నంబరు రాసుకోండి. బ్యాంకు కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం నకలు నాకు పంపండి, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో రాస్తాను.