టెక్ సందేహాలు: ఎన్ని హ్యాష్‌ట్యాగులు పెట్టినా అడిగేవారు లేరేం?

ప్రశ్న: పొందూరులో మా చేనేత సంఘానికి ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. ప్రతి ఫొటో కింద ట్రెండింగ్, వైరల్, ఫాలోబ్యాక్ అంటూ హ్యాష్‌ట్యాగులు దట్టిస్తున్నాం. లైకులు వస్తున్నాయి గానీ చీర ధర అడిగినవారు లేరు. ఎందుకని?
– సంఘం కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ లైకుల్లో చాలావరకు మీరూ తిరిగి కొడతారని కొట్టినవే. పొందూరు పంచె కావాల్సినాయన 'వైరల్' అని వెతుకుతాడా, చెప్పండి! ఫొటోలో ఏముందో ట్యాగులో అదే ఉండాలి. వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న వీడియో పెట్టారనుకోండి. #పొందూరుఖాదీ, #చేనేత, #శ్రీకాకుళం, వీటికి తోడు మీ సంఘం పేరుతో ఒకటి. అంతే, నాలుగైదు దాటక్కర్లేదు. 'కొండపత్తితో చేత్తో వడికిన నూలు, పొందూరు ఖాదీ చీర' అని పైన మామూలు వాక్యంలోనూ రాయండి. సెర్చ్‌లో ఆ మాటలూ పనికొస్తాయి. ధర, ఫోన్ నంబరు లేని పోస్టుకి ఎన్ని ట్యాగులు తగిలించినా దండగే.

సంఘం ట్యాగు ఖాయం చేసే ముందు దాన్ని సెర్చ్‌లో కొట్టి చూడండి, ఇంకెవరైనా వాడేస్తున్నారేమో. ఒకసారి అనుకున్నాక స్పెల్లింగ్ మార్చొద్దు. బిల్లు మీదా అచ్చు వేయిస్తే, కొన్నవాళ్లు కట్టుకుని దిగిన ఫొటోలకూ అదే పెడతారు.

తెలుగు ట్యాగులతో ఇంకో చిక్కుంది. 'హ్యాండ్‌లూమ్స్' అని కొట్టినప్పుడు వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెడుతుంది. ఇంకొకరు అది లేకుండా 'హ్యాండ్లూమ్స్' అని కొడతారు. మనకు రెండూ ఒకటే, యాప్‌కి మాత్రం వేర్వేరు ట్యాగులు కావచ్చు. 'చేనేత' అనండి, ఏ గొడవా ఉండదు. ఇంగ్లిష్ ట్యాగులో ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలుపెడితే, చూపు లేనివారికి తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ మాటలు విడదీసి చదవగలుగుతుంది.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ట్యాగులో దేశమంతా పోస్టులే. పెట్టండి గానీ పొందూరు పేరు వదలొద్దు.

ప్రశ్న: #సిరిమాను ఉత్సవం అని మా యువజన సంఘం ఫొటోలు పెట్టింది. ఆ ట్యాగు నొక్కితే మావి కనబడవేం?
– విజయనగరం పాఠకుడు

జవాబు: మధ్యలో ఖాళీ వదిలారు కాబట్టి 'సిరిమాను' ఒక్కటే ట్యాగు అయింది. కలిపి #సిరిమానోత్సవం అని రాయండి. అప్పటికీ కనబడకపోతే అకౌంట్ ప్రైవేట్‌లో ఉందేమో చూడండి. ప్రైవేట్‌లో ఉంటే ఏ ట్యాగు పెట్టినా మీ ఫాలోయర్లను దాటి పోదు.