లూప్‌లో గోళీ ఎందుకు పడిపోతుంది?

రోలర్ కోస్టర్ భౌతికశాస్త్రంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి ఏడో తరగతి పిల్లలతో రోలర్ కోస్టర్ చేయిస్తున్నాం. లూప్ (గాడి నిలువుగా ఒక చుట్టు తిరిగే చోటు) ఎత్తు 20 సెంటీమీటర్లు. గోళీని 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతుంటే, లూప్ పైభాగానికి చేరకముందే పడిపోతోంది. లూప్ కంటే ఎత్తు నుంచే కదా వదులుతున్నాం, లోపం ఎక్కడ?

జవాబు: ఎత్తులోనే. లూప్ కన్నా కాస్త పైనుంచి వదిలితే చాలని పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అనుకుంటారు. కానీ లూప్ పైభాగానికి చేరేసరికి గోళీలో ఇంకా వేగం మిగిలి ఉండాలి. మీ లూప్ వ్యాసార్ధం 10 సెం.మీ. కాబట్టి అక్కడ సెకనుకు దాదాపు ఒక మీటరు వేగం లేకపోతే గోళీ గాడిని వదిలేస్తుంది. ఘర్షణ లేకుండా జారే వస్తువుకైతే వ్యాసార్ధానికి రెండున్నర రెట్లు, అంటే మీరు తీసుకున్న 25 సెం.మీ. సరిపోతుంది. గోళీ జారదు, దొర్లుతుంది. తన చుట్టూ తాను తిరగడానికి కొంత శక్తి ఖర్చవుతుంది కనుక ఆ లెక్క 27 సెం.మీ.కి చేరుతుంది. గాడి రెండు అంచుల మీద ఆని దొర్లితే ఇంకా ఎక్కువ కావాలి. మెత్తటి ఫోమ్ మింగేసే శక్తి దానికి అదనం.

40 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి రెండేసి సెంటీమీటర్లు తగ్గిస్తూ రండి. ప్రతి ఎత్తు నుంచీ ఐదుసార్లు వదలాలి. వదిలే ముందే 'దాటుతుందా, దాటదా' అని పిల్లల చేత రాయించండి. ఈ ఒక్క పని మానేస్తే అది ప్రయోగం కాదు, ఆటే.

40 నుంచి కూడా దాటకపోతే తప్పు కట్టడంలో ఉంది. ముందుగా లూప్‌ను చేత్తో తాకి చూడండి. గోళీ వెళ్తున్నప్పుడు లూప్ ఊగుతుంటే, ఆ ఊపుకు కావలసిన శక్తి గోళీ నుంచే పోతోందన్నమాట. రెండు పక్కలా కుర్చీ కాళ్లకు టేపుతో బిగించండి. రెండు ముక్కలు కలిసే చోట కింది ముక్క అంచు గోళీకి ఎదురుగా మెట్టులా నిలబడకూడదు. టేపును గాడి లోపల కాకుండా వెలుపల అంటించండి. వాలు నేలను తాకే చోట మడత పడితే గోళీ ఎగిరిపడుతుంది, అక్కడ వంపు నిదానంగా తిరగాలి. లూప్‌లోకి వచ్చే దారి, బయటకు వెళ్లే దారి ఒకదానికొకటి తగలకుండా గొట్టం వెడల్పు మేర పక్కకు జరపాలి. అంతకన్నా ఎక్కువ జరిపితే గోళీ అంచును ఒరుసుకుంటుంది. గొట్టం లోపలి వ్యాసం గోళీ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. 16 మిల్లీమీటర్ల గోళీకి 25 మిల్లీమీటర్లు బాగుంటుంది.

అసలు రోలర్ కోస్టర్‌లో లూప్ గుండ్రంగా ఎందుకు ఉండదని పిల్లలు అడిగితే ఇదే లెక్క చూపించవచ్చు. పూర్తి వృత్తాకారపు లూప్‌లో పైభాగాన్ని అంతంతమాత్రంగా దాటాలన్నా, ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోయినా, అడుగున ప్రయాణికుడికి తన బరువు ఆరు రెట్లయినట్టు ఉంటుంది. మెడ భరించలేదు. అందుకే అడుగున వంపు విశాలంగా, పైన బిగువుగా ఉండే కన్నీటి బొట్టు ఆకారం ఎంచుకున్నారు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో మొదలైన 'రివల్యూషన్' కోస్టర్‌కు జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ ఈ తరహా లూప్‌నే రూపొందించాడు.

ప్రశ్న: ముందు సీటు కంటే వెనక సీటులోనే ఎక్కువ భయమేస్తుందని మా అబ్బాయి వాదన. బండి మొత్తం ఒకే వేగంతో కదులుతుంది కదా?

జవాబు: ఒక క్షణంలో చూస్తే ఒకటే వేగం, నిజమే. కానీ ఒక్కో పెట్టె మెట్టను దాటే క్షణం వేరు. ముందు పెట్టె అంచు దాటేటప్పుడు మిగతా బండి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి వేగం తక్కువ. చివరి పెట్టె వంతు వచ్చేసరికి బండి బరువంతా అవతలి వాలులో పడి లాగుతుంటుంది. అందుకే వెనక కూర్చున్నవాళ్లు సీటులోంచి లేచినట్టవుతారు. పూసల గొలుసును బల్ల అంచు మీదుగా జారవిడిచి చూపించండి, చివరి పూస అన్నిటికంటే వేగంగా అంచు దాటుతుంది. ఇక పల్లంలో అడుగున వేగం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మధ్య పెట్టె దాటేటప్పుడు. ఈ సంగతి పెద్దగా ఎవరూ గమనించరు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లల్ని అమ్యూజ్‌మెంట్ పార్కుకు తీసుకెళ్తున్నాం. రైడ్ ఎక్కకుండానే కొలవగలిగేవి ఏమున్నాయి?

జవాబు: కింద నిలబడే చాలా కొలవచ్చు. కోణమానినికి దారంతో చిన్న బరువు వేలాడదీసి, దాని అంచు వెంట కోస్టర్ మొదటి శిఖరాన్ని చూడండి. శిఖరం 45 డిగ్రీల ఎత్తులో కనిపించే చోటికి నడవండి. శిఖరానికి సరిగ్గా కింద ఉన్న చోటు దాకా నేల మీద దూరం, దానికి కంటి ఎత్తు కలిపితే శిఖరం ఎత్తు వచ్చేస్తుంది.

ఎత్తు 20 మీటర్లు వచ్చిందనుకోండి. స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారితే అడుగున వేగం సెకనుకు 19.8 మీటర్లు, అంటే గంటకు సుమారు 71 కిలోమీటర్లు ఉండాలి. ఇప్పుడు అడుగున ఒక స్తంభాన్ని గుర్తు పెట్టుకుని బండి ముక్కు నుంచి తోక దాకా దాటడానికి పట్టిన కాలం కొలవండి. 12 మీటర్ల బండి 0.7 సెకన్లలో దాటితే వేగం 17.1 మీటర్లు. శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పావు వంతు శక్తి పోయినట్టు లెక్క తేలుతుంది.

పిల్లలు వెంటనే 'ఘర్షణ' అని రాసేస్తారు. ఆగమనండి. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.1 సెకను తేడా వస్తే వేగంలో ఏడో వంతు తప్పు, శక్తిలో దానికి దాదాపు రెట్టింపు. పోయిందనుకున్న పావు వంతు బొటనవేలి పొరపాటే కావచ్చు! సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే తప్పు బాగా తగ్గుతుంది. ఎత్తును బండి నిజంగా దిగే అడుగు నుంచి కొలవాలి, నేల నుంచి కాదు.

ఫోను వెంట తీసుకెళ్లదగ్గ రైడ్ జెయింట్ వీల్. 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ త్వరణాన్ని గీతగా చూపిస్తుంది. వ్యాసార్ధం 10 మీటర్లు, ఒక చుట్టుకు 20 సెకన్లయితే భూమ్యాకర్షణతో కలిపి అడుగున దాదాపు 10.8, పైన 8.8 (మీటర్లు/సెకను²) కనిపించాలి. జేబులో తెర తాకితే నమోదు ఆగిపోతుంది కాబట్టి ముందే సమయం అమర్చి, ఫోనును జిప్ సంచిలో ఒంటికి బిగించండి. వేగమైన రైడ్లలో ఫోను వద్దే వద్దు.

ప్రశ్న: గొలుసు కుర్చీల రాట్నంలో ఖాళీ కుర్చీలూ మనుషులున్న కుర్చీలూ ఒకే కోణంలో పైకి లేస్తాయి. బరువైనవి తక్కువ లేవాలి కదా?

జవాబు: బరువు రెట్టింపైతే దాన్ని వృత్తంలో తిప్పడానికి కావలసిన బలమూ రెట్టింపే. రెండూ కొట్టివేసుకుపోతాయి. కోణాన్ని నిర్ణయించేవి వ్యాసార్ధం, ఒక చుట్టుకు పట్టే కాలం. ఖాళీ కుర్చీ గాలి తాకిడికి కాస్త వెనక్కి వాలవచ్చు, అంతే. 'బయటికి నెట్టేసే బలం' అని పిల్లలు చెబితే, గొలుసు ఎటు లాగుతోందో బొమ్మలో బాణం వేయించండి. లోపలికే. ఆ లాగుడు ఆగిపోతే కుర్చీ కేంద్రం నుంచి దూరంగా కాదు, ఆ క్షణాన వెళ్తున్న దిక్కునే సాగుతుంది.