కన్వర్టర్ మార్చే ముందు ఒక్క అప్‌డేట్

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఎస్టిమేట్ ఫొటో చూశాను. క్యాటలిటిక్ కన్వర్టర్, అదే ఇంజిన్ పొగను శుభ్రం చేసే డబ్బా, మార్చాలి, లేబర్‌తో కలిపి 71 వేలు అని రాశారు. సంతకం పెట్టావా? పెట్టకపోతే ఆగు. పెట్టినా సరే, పొద్దున్నే ఫోన్ చేసి పార్ట్ ఆర్డర్ ఆపించు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అయిదేళ్ల పెట్రోలు కారు, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ తాగడం లేదు, పికప్ తగ్గలేదు, మైలేజీ ఎప్పటిలాగే ఉంది. వారం నుంచి చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలిగే ఉంది. కోడ్ పీ0420, అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. మన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాడిగా చెబుతున్నా, 46 వేలకే కన్వర్టర్ ఊరికే పోదు. దాన్ని చంపేది ఏదో ఒకటి ఉండాలి. సిలిండర్‌లో పెట్రోలు సరిగా కాలని మిస్‌ఫైరో, ఇంజిన్ ఆయిల్ తాగడమో, కల్తీ పెట్రోలో. అవేవీ లేకుండా పోయిందంటే నేను ముందు అనుమానించేది కన్వర్టర్‌ని కాదు, పోయిందని చెబుతున్న ఈసీఎంని, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌ని.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. లైటు నిలకడగా వెలుగుతోంది అన్నావు కాబట్టి ఇంత తీరిగ్గా రాస్తున్నాను. అదే ఆరుతూ వెలుగుతూ ఉంటే ఈ ఉత్తరం చదవడం మానేసి కారు పక్కన ఆపు. అది మిస్‌ఫైర్. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి కన్వర్టర్‌ని లోపలే కరిగించేస్తుంది.

ఇక నీ కోడ్ సంగతి. కన్వర్టర్‌కి ముందొక ఆక్సిజన్ సెన్సార్, వెనకొకటి ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్ మీద నీళ్ల ట్యాంకు ఉంది కదా, అలా అనుకో. కింద నుంచి నీళ్లు వస్తూ ఆగుతూ ఉన్నా నీ కుళాయిలో ధార ఒకేలా పడుతుంది, ఎందుకంటే మధ్యలో ట్యాంకు ఉంది. కన్వర్టర్ కూడా ఆక్సిజన్‌ని కాస్త దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది. అందుకే ముందు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా వెనక సెన్సార్ వోల్టేజీ 0.6, 0.7 దగ్గర దాదాపు కదలకుండా నిలబడుతుంది. కన్వర్టర్ ముసలిదైపోతే ఆ దాచుకునే శక్తి తగ్గి, వెనక సెన్సార్ కూడా 0.1 నుంచి 0.9 దాకా ఊగడం మొదలెడుతుంది.

ఎంత ఊగితే పోయినట్టు? ఆ గీత గీసేది ఈసీఎంలోని సాఫ్ట్‌వేర్. ఎవరో ఇంజినీరు ల్యాబ్‌లో కూర్చుని గీసిన గీత అది. బీఎస్6 కాలుష్య నియమాలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాక ఈ లెక్కలన్నీ ఇంకా బిగుసుకున్నాయి. మన ఎండ, మన ట్రాఫిక్, మన పెట్రోలు ఆ ల్యాబ్‌లో అచ్చంగా ఉండవు. గీత మరీ దగ్గరగా గీస్తే నిక్షేపంలా ఉన్న కన్వర్టర్ కూడా ఎప్పుడో ఒకసారి దాన్ని దాటుతుంది. కంపెనీలకు ఈ ఫిర్యాదులు గుట్టగా వచ్చి పడ్డాక, గీతను సరిచేసో, పరీక్ష ఏ వేగంలో ఏ వేడిలో చేయాలో మార్చో కొత్త సాఫ్ట్‌వేర్ వదులుతాయి. టెక్నికల్ సర్వీస్ బులెటిన్ అని డీలర్లకు కాగితం పంపుతాయి. ఆ కాగితం అందరు అడ్వైజర్లూ చదువుతారని నేను అనుకోను.

2016లో నా దగ్గరికి ఒకాయన కారు తెచ్చాడు. ఇదే కోడ్. బయట ఎక్కడో అప్పటికే కొత్త కన్వర్టర్ వేయించాడు. మూడు వారాలకు లైటు మళ్లీ వెలిగింది. ఆయన మొహం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాఫ్ట్‌వేర్ పాతదని తేలింది. అప్‌డేట్ చేయించుకున్నాక ఇంకెప్పుడూ లైటు పడలేదని రెండేళ్ల తర్వాత కూడా చెప్పాడు. తీసేసిన పాత కన్వర్టర్ మాత్రం దొరకలేదు. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాత సామాన్ల వాడికి అది బంగారం. నువ్వు ఎప్పుడు ఏది మార్పించినా పాత పార్ట్ డిక్కీలో పెట్టించుకో.

అలాగని రేపే వెళ్లి అప్‌డేట్ చేయమని కూర్చోకు. నిజంగా తప్పున్న కారుకి సాఫ్ట్‌వేర్ మారిస్తే జ్వరం చూసే థర్మామీటర్‌ని మార్చినట్టే. లైటు అబద్ధం చెబుతోందని ముందు నువ్వు తేల్చుకోవాలి.

శనివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టు. బోనెట్ తెరిచి స్టార్ట్ చేయి. మొదటి రెండు నిమిషాలు ఎగ్జాస్ట్ వైపు నుంచి టిక్ టిక్ అని చప్పుడు వచ్చి, వేడెక్కాక ఆగిపోతోందా విను. వస్తే అది గ్యాస్కెట్ దగ్గర లీకు. బయటి గాలి లోపలికి దూరి వెనక సెన్సార్‌ని మోసం చేస్తుంది. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు కూడా చూడు. మీ సెల్లార్‌లో ఎలుకలున్నాయని అక్కయ్య చెప్పింది, సెన్సార్ వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడు.

తర్వాత స్కానర్. బ్లూటూత్‌ది, ఫోన్‌కి కలిసేది ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చు. కోడ్ చెరిపేసే బటన్ మీద మాత్రం వేలు పెట్టకు. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి ఫొటో తీయి. లైటు పడిన క్షణాన వేగమెంత, ఇంజిన్ వేడెంత, ఆర్‌పీఎం ఎంత అని ఈసీఎం రాసి పెట్టుకున్న చిట్టా అది. చెరిపితే అదీ పోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టుకుని వెనక సెన్సార్ గ్రాఫ్ చూడు. ముందుది నీ కారులో వేరే రకం అయి ఉండొచ్చు, అది ఊగలేదని కంగారు పడకు. నీకు కావాల్సింది వెనకదే. గ్రాఫ్ తిన్నగా ఉంటే నీ కన్వర్టర్ బతికే ఉంది. అడ్డదిడ్డంగా ఎగురుతుంటే, లీకు కూడా లేకపోతే, అప్పుడు 71 వేల గురించి మాట్లాడదాం.

ఫ్యూయల్ ట్రిమ్ కూడా ఒకసారి చూడు, ఈసీఎం పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూపేది అది. ప్లస్ పది, మైనస్ పది లోపల ఉంటే చాలు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పోస్తున్నాం కాబట్టి పాత కార్లలో కాస్త ప్లస్ వైపు జరుగుతుంది. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఆ లెక్క ఈసీఎం సర్దుకుంటుంది, దానికి టెన్షన్ పడకు.

చివరగా ఆ యాప్‌లోనే వెహికల్ ఇన్ఫర్మేషన్‌లో క్యాలిబ్రేషన్ ఐడీ అని ఒక నంబరు చూపిస్తుంది. అది నీ కారులో ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ పేరు. కాగితం మీద రాసుకో. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకు.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లి "లైటు వెలుగుతోంది" అనకు. అలా అంటే వాళ్లు కోడ్ చూస్తారు, పార్ట్ చెబుతారు. "నా ఛాసిస్ నంబరు మీద ఇంజిన్ ఈసీఎంకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా పెండింగ్ ఉందా, పీ0420కి బులెటిన్ ఉందా, చూసి జాబ్ కార్డులో రాయండి" అను. రాయించు, నోటి మాట వద్దు. అడ్వైజర్ అదోలా చూస్తే టెక్నీషియన్‌తో మాట్లాడతానని అడుగు. వారంటీ ఉంటే డబ్బులు అడగకూడదు, లేకపోతే ఎంతో ముందే తేల్చుకో.

అప్‌డేట్ చేసేటప్పుడు దగ్గరుండు. ఎందుకంటే, నా కథ ఒకటి ఉంది. ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు.

2012 మే నెల, మధ్యాహ్నం రెండు. ఒక కారు ఈసీఎం ఫ్లాష్ చేస్తున్నాను, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాను. కారు బ్యాటరీకి సపోర్ట్ పెట్టాను, అంతా పద్ధతిగానే ఉంది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ మాత్రం ఎప్పుడో చచ్చింది, కరెంటుకి గుచ్చి వాడుతున్నాను. స్క్రీన్ మీద 67 శాతం. ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయిందని అర్థమయ్యేలోపే స్క్రీన్ నల్లబడింది. మళ్లీ కరెంటు వచ్చాక కీ తిప్పితే ట్యాంకులో పంపు జుయ్ మనే చప్పుడు కూడా రాలేదు. సగం పాత ప్రోగ్రాం చెరిగి, సగం కొత్తది ఎక్కి, ఈసీఎం ఎటూ కాకుండా పోయింది. ఇద్దరు ముగ్గురికి చూపించినా లేవలేదు. కొత్తది 34 వేలు, నా జేబులోంచే. ఆ చచ్చిన డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మీ అత్తయ్య ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెడుతుంది.

కాబట్టి నువ్వు చూడాల్సింది ఇంతే. మొదలుపెట్టే ముందు కారు బ్యాటరీ కనీసం 12.4 వోల్టులు చూపాలి, తక్కువుంటే ముందు ఛార్జ్ చేయమను. అయినా సరే, నిలకడగా వోల్టేజీ ఇచ్చే సప్లై తగిలించాల్సిందే. ఫ్లాష్ జరిగేంతసేపు రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరగొచ్చు, అది మామూలే, కానీ బ్యాటరీని లాగేస్తుంది. హెడ్‌లైట్లు, ఏసీ, పాటలు అన్నీ ఆఫ్. కీ ముట్టుకోకూడదు. ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ముప్పావు గంట పడుతుంది. సాయంత్రం ఆరు తర్వాత, షట్టర్ దించే హడావిడిలో చేస్తామంటే వద్దు, మర్నాడు వస్తానను. నీ చేతిలోని బ్లూటూత్ స్కానర్ చదవడానికే. దాంతో ఫ్లాష్ చేయొచ్చని ఏ వీడియోలో చూపించినా నమ్మకు.

అయిపోయాక స్కానర్ గుచ్చి క్యాలిబ్రేషన్ ఐడీ మళ్లీ చూడు. నువ్వు రాసుకున్న నంబరు మారిందా? మారకపోతే వాళ్లు కోడ్ చెరిపి "అప్‌డేట్ అయిపోయింది సార్" అన్నారన్నమాట. అలా బయటికొచ్చిన కార్లు నేను బోలెడు చూశాను.

ఇంకో రకం వాళ్లుంటారు. రీమ్యాప్ షాపులు. "మూడు వేలివ్వండి, ఆ కోడ్ ఇక జన్మలో రాకుండా ఆఫ్ చేసేస్తా" అంటారు. కంపెనీ చేసేది గీతను సరిచేయడం. వీడు చేసేది పరీక్షనే తీసేయడం. రేపు కన్వర్టర్ నిజంగా పోయినా నీకు తెలియదు, ఇంజిన్ వారంటీ కూడా గాలికి పోతుంది. ఆ గుమ్మం ఎక్కకు.

అప్‌డేట్ అయిన మొదటి రెండు రోజులు ఐడిల్ కొంచెం వణకొచ్చు. ఈసీఎం నేర్చుకున్న లెక్కలు చెరిగిపోయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. వంద, నూట యాభై కిలోమీటర్లు నడుపు. అంతా ట్రాఫిక్‌లోనే కాకుండా ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 80 మీద ఓ అరగంట నిలకడగా పోనివ్వు. కన్వర్టర్ పరీక్ష అలాంటప్పుడే పూర్తవుతుంది. యాప్‌లో ఏ పరీక్ష పూర్తయిందో చూపే రెడీనెస్ అని ఉంటుంది, క్యాటలిస్ట్ ఎదురుగా కంప్లీట్ అని వచ్చేదాకా "లైటు పోయింది మావయ్యా" అని నాకు ఫోన్ చేయకు. కాలిఫోర్నియాలో మన సుధ ఇలాగే కోడ్ చెరిపి మర్నాడే స్మాగ్ చెక్‌కి, అంటే అక్కడి పొల్యూషన్ పరీక్షకి తీసుకెళ్తే, కారు ఇంకా రెడీ కాలేదని వెనక్కి పంపేశారు. ఈ లైటు సాధారణంగా వరసగా రెండు ట్రిప్పుల్లో తప్పు కనపడితేనే పడుతుంది. అందుకే ఒక్కరోజు ఆరి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకు.

అప్‌డేట్ ఏదీ లేదని వాళ్లు తేల్చేస్తే మాత్రం కారు అక్కడ వదలకుండా తెచ్చేసుకో. ఫ్రీజ్ ఫ్రేమ్, వెనక సెన్సార్ గ్రాఫ్, క్యాలిబ్రేషన్ ఐడీ, ఈ మూడు ఫొటోలు వాట్సాప్‌లో పంపు. శనివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందే వీడియో కాల్ చేయి, ఆ టిక్ టిక్ ఉందో లేదో నేనూ వింటాను.

మీ మావయ్య