కలవరపెట్టే కథను తరగతిలో చదవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ రాసిన ‘ది లాటరీ’ని, ఊరంతా ఏటా చీటీలు తీసి, చీటీ పడిన మనిషిని రాళ్లతో కొట్టి చంపే ఆ కథను, డిగ్రీ పిల్లలకు చెప్పబోతున్నావని, వాళ్లు బెదిరినా కోప్పడినా ఏం చేయాలో తోచడం లేదని రాశావు. ఆ కోపాన్ని చల్లార్చడం నీ పని కాదమ్మా, దాన్ని ఓపికగా వినడమే నీ పని.

1948 జూన్ 26న ఆ కథ ‘న్యూయార్కర్’ పత్రికలో వెలువడ్డాక, ఆ వేసవిలోనే రచయిత్రికి 300కు పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయోమయం, ఊహాగానాలు, తిట్లే ఎక్కువని, ఆదరంగా రాసినవి 13 మాత్రమేనని, అవి కూడా చాలావరకు స్నేహితులవేనని ఆమె తరువాత చెప్పుకుంది. కన్నతల్లి సైతం కథ నచ్చలేదని రాసింది. అయితే నన్ను ఇప్పటికీ కలచివేసేవి ఆ తిట్లు కావు. ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడవచ్చా అని అడిగిన ఉత్తరాలు. వాటి గురించి పిల్లలకు తప్పక చెప్పు, కానీ వాళ్లు మాట్లాడిన తరువాతే చెప్పు.

నేను మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు, చివరి వాక్యం ముగియగానే చీటీలు వేసే ఆ నల్లపెట్టె దేనికి ప్రతీకో వివరించడం మొదలుపెట్టాను. పిల్లలు ఊపిరి పీల్చుకుని నోట్సు రాసుకున్నారు, కథ వాళ్లను వదిలిపోయింది. ఆ తప్పు నువ్వు చేయవద్దు. కథను ముందుగా ఏమీ చెప్పకుండా పైకి చదివి, కాసేపు మౌనంగా ఉండి, ఏ వాక్యం దగ్గర మనసు కీడు శంకించిందో ఒక్కొక్కరినీ కాగితం మీద రాయమను. కొందరు మొదట్లోనే కుర్రాళ్లు రాళ్లు పోగుచేసిన చోటు చూపుతారు. చీటీ పడిన తల్లి కొడుకు, పసివాడైన డేవీ చేతికి ఎవరో గులకరాళ్లు అందించిన వాక్యం దగ్గర ఆగినవాళ్లు నా తరగతుల్లో ప్రతి ఏడాదీ ఉండేవారు.

ఒక ఏడాది ఒక అమ్మాయి ఏమీ రాయలేదు. సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చి, తమ కుటుంబాన్ని ఊరు వెలివేసిన రోజుల గురించి చెప్పింది. అప్పటి నుంచి ఎవరినీ బలవంతంగా మాట్లాడించలేదు, ఖాళీ కాగితాన్ని కూడా జవాబుగానే తీసుకున్నాను.

ఈ కథను చివరి పీరియడ్‌లో మాత్రం పెట్టుకోవద్దు. గంట కొట్టగానే పిల్లలు ఆ బరువుతో ఒంటరిగా బస్సెక్కుతారు. వరుసగా రెండు పీరియడ్లు అడిగి తీసుకో.